ఫీజు లేని క్యాథలిక్ హైస్కూల్: ఒంటారియోలో ఈ ఏర్పాటు ఎలా వచ్చింది?

కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో ఉన్న బ్రాంప్టన్, మిస్సిసాగా, మిల్టన్‌లలోని తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో చలికాలం వచ్చిందంటే ఈ ప్రశ్న మళ్లీ మొదలవుతుంది. ఎనిమిదో గ్రేడ్ పిల్లలకు హైస్కూల్ ఎంచుకోవాల్సిన సమయం అది. "ఇంటి వెనకాలే క్యాథలిక్ హైస్కూల్ ఉందండీ. మనవాళ్లను తీసుకుంటారా? ఫీజు ఎంత? చర్చికి వెళ్లమంటారా?" జవాబులు తలా ఒకటి వస్తాయి. ఒకరు ఫీజే లేదంటారు, ఇంకొకరు బాప్తిస్మం సర్టిఫికెట్ లేకుండా గేటు కూడా దాటనివ్వరంటారు. మరొకరేమో ఇంటి పన్ను మార్పించుకోవాలంటారు.

తమాషా ఏమిటంటే, ఈ జవాబుల్లో ప్రతిదానిలోనూ కొంత నిజం ఉంది. ఒక్కో నియమం ఒక్కో కాలంలో జరిగిన గొడవ నుంచి పుట్టింది. ఎవరో ఒకరు కూర్చుని మొత్తం ఆలోచించి గీసిన పథకం కాదిది. అందుకే పైపైన చూస్తే అర్థం కాదు.

మన ఆర్‌సీఎం స్కూలు వేరు, ఇది వేరు

గుంటూరులోనో నెల్లూరులోనో పెరిగినవాళ్లకు క్యాథలిక్ స్కూల్ అంటే ఆర్‌సీఎం స్కూలు, లేదా సిస్టర్లు నడిపే కాన్వెంట్. ఆ స్కూలు చర్చిదో, మఠానిదో. ఎయిడెడ్ అయితే టీచర్ల జీతం ప్రభుత్వం ఇస్తుంది, కాకపోతే ఫీజులతో నడుస్తుంది. ఎయిడెడ్ అయినా యాజమాన్యం మాత్రం మిషన్‌దే.

ఒంటారియోలో అలా కాదు. అక్కడ క్యాథలిక్ స్కూళ్లను నడిపేది బిషప్ కాదు, క్యాథలిక్ ఓటర్లు ఎన్నుకున్న ట్రస్టీలతో కూడిన స్కూల్ బోర్డు. డబ్బు పూర్తిగా రాష్ట్ర ప్రభుత్వానిదే. రాష్ట్రంలో మొత్తం 72 జిల్లా బోర్డులు ఉన్నాయి. ఇంగ్లిష్ పబ్లిక్ బోర్డులు 31, ఇంగ్లిష్ క్యాథలిక్ 29, ఫ్రెంచ్ పబ్లిక్ 4, ఫ్రెంచ్ క్యాథలిక్ 8. ప్రభుత్వ డబ్బుతో చదివే ప్రతి ముగ్గురు పిల్లల్లో దాదాపు ఒకరు క్యాథలిక్ బోర్డులోనే ఉంటారు. చట్టంలో వీటి పాత పేరు 'సెపరేట్ స్కూళ్లు'. ఇంటి పన్ను కాగితాల మీద ఇప్పటికీ ఆ మాటే కనిపిస్తుంది.

మన రాజ్యాంగంలోని 28వ అధికరణం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధన కూడదంటుంది. ఒంటారియోలో పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే స్కూల్లోనే రోజూ ప్రార్థన జరుగుతుంది, రిలిజియన్ ఒక సబ్జెక్టుగా ఉంటుంది. మన అలవాటు ప్రకారం చూస్తే ఇది వింతే. ఆ వింతకు మూలం 1867లో ఉంది.

1867 నాటి ఇచ్చిపుచ్చుకోవడం

అప్పటికి ఒంటారియోలో ప్రొటెస్టెంట్లు ఎక్కువ, క్యాథలిక్కులు తక్కువ. పక్కనున్న క్యూబెక్‌లో లెక్క తారుమారు. ఒంటారియోలో ప్రభుత్వ పాఠశాలల వ్యవస్థను కట్టినవాడు ఎగర్టన్ రయర్సన్, ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ అయిన మెథడిస్టు మతబోధకుడు. 1844 నుంచి 1876 వరకు విద్యాశాఖ ఆయన చేతిలోనే ఉంది. మత శాఖల భేదం లేని 'కామన్ స్కూల్' అని ఆయన పిలిచినా, అందులో చదివే బైబిలూ, పాడే ప్రార్థనలూ ప్రొటెస్టెంటు పద్ధతిలోనే ఉన్నాయని క్యాథలిక్కుల ఫిర్యాదు.

టొరంటో మొదటి బిషప్ మైకేల్ పవర్ మాత్రం రయర్సన్‌తో సర్దుకుపోయిన మనిషి. రయర్సన్ ఉన్న విద్యా బోర్డుకు పవరే అధ్యక్షుడు కూడా. 1847లో ఐర్లండ్ కరవు నుంచి పారిపోయి వచ్చిన సుమారు 38 వేల మంది, 20 వేల జనాభా ఉన్న టొరంటోలో దిగారు. వాళ్లతో పాటు టైఫస్ జ్వరమూ దిగింది. రోగుల మధ్య తిరిగిన బిషప్ అదే జ్వరంతో ఆ అక్టోబర్ 1న చనిపోయారు. ఆ తర్వాత వచ్చిన ఫ్రెంచి బిషప్ షార్బొనెల్ రయర్సన్‌తో నేరుగా తలపడ్డారు. ఫ్రాన్స్ నుంచి బసీలియన్ ఫాదర్లనూ, అమెరికాలోని ఫిలడెల్ఫియా నుంచి సెయింట్ జోసెఫ్ సిస్టర్లనూ రప్పించారు. ఈ రెండు పేర్లూ గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాయి.

1863లో వచ్చిన స్కాట్ చట్టంతో సెపరేట్ స్కూళ్లకు గట్టి పునాది పడింది. నాలుగేళ్లకు కెనడా సమాఖ్య ఏర్పడుతున్నప్పుడు క్యూబెక్‌లోని ప్రొటెస్టెంట్లు తమ స్కూళ్లకు హామీ కావాలన్నారు. మీకిస్తే ఒంటారియోలో మాకూ ఇవ్వాలని క్యాథలిక్కులు అన్నారు. అలా వచ్చిందే 1867 రాజ్యాంగ చట్టంలోని 93వ సెక్షన్. దాని సారాంశం ఇది: విద్య రాష్ట్రాల చేతిలో ఉంటుంది, కానీ సమాఖ్య ఏర్పడే నాటికి చట్టప్రకారం ఉన్న మతశాఖల స్కూళ్ల హక్కులకు నష్టం చేయకూడదు.

ఇందులో అసలు చిక్కు 'సమాఖ్య ఏర్పడే నాటికి' అన్న మాటలో ఉంది. అది అప్పటికున్న హక్కును ఫొటో తీసి గోడకు తగిలించినట్టు. ఫొటోలో లేనివాళ్లు తర్వాత వచ్చి మేమూ ఉన్నామంటే కుదరదు. యూదులకు, ముస్లింలకు, హిందువులకు, సిక్కులకు ఇవ్వనిది క్యాథలిక్కులకే ఎందుకన్న ప్రశ్నకు చట్టపరమైన జవాబు ఇంతే. న్యాయమా కాదా అన్నది వేరే ప్రశ్న, దానికి చివర్లో వద్దాం.

హైస్కూల్ ఫొటోలో ఉందా లేదా?

1867లో సెపరేట్ స్కూల్ అంటే ఎక్కువగా చిన్న పిల్లల బడే. ఈనాడు మనం హైస్కూల్ అంటున్నది ఒంటారియో చట్టంలోకి 1871లో వచ్చింది. మరి రాజ్యాంగ రక్షణ హైస్కూల్‌కు వర్తిస్తుందా? జార్జియన్ బే ఒడ్డున టైనీ అనే చిన్న టౌన్‌షిప్ ట్రస్టీలు ఈ ప్రశ్నతో కోర్టుకెక్కారు. కేసు అప్పట్లో కెనడాకు ఆఖరి అప్పీలు కోర్టు అయిన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లింది. సెపరేట్ స్కూళ్లు ఎంతవరకు చదువు చెప్పాలో నియంత్రించే అధికారం రాష్ట్రానికి ఉందని 1928లో తీర్పు వచ్చింది. అంటే హైస్కూల్‌కు డబ్బు ఇవ్వాల్సిన పని లేదు.

(ఆ టైనీ పక్కనే పెనెటాంగ్విషీన్ అనే ఊరుంది. ఒకప్పుడు అక్కడ క్యాథలిక్కులే ఎక్కువ కాబట్టి, అదే చట్టం కింద ప్రొటెస్టెంట్లు సెపరేట్ స్కూల్ పెట్టుకున్నారు. ఒంటారియో మొత్తంలో మిగిలిన ఒకే ఒక్క ప్రొటెస్టెంటు సెపరేట్ స్కూల్ అది. పైన చెప్పిన 72లో దాని బోర్డు లేదు.)

టైనీ తీర్పు తర్వాత అరవై ఏళ్ల పాటు నడిచిన లెక్క విచిత్రంగా ఉండేది. తొమ్మిది, పది గ్రేడ్‌లను ప్రాథమిక విద్యకు పొడిగింపు అనుకుని, ఆ రేటున కొంత గ్రాంటు ఇచ్చేవారు. పదకొండు నుంచి పైన పూర్తిగా ప్రైవేటు. ఒకే భవనం, ఒకే హెడ్మాస్టర్, వరండా ఈ చివర సర్కారు పిల్లలు, ఆ చివర ఫీజు కట్టే పిల్లలు! ఇది గిట్టుబాటు అయిందంటే కారణం సిస్టర్లు, ఫాదర్లు, బ్రదర్లు. వాళ్లు నామమాత్రపు జీతానికి పాఠాలు చెప్పారు.

అబ్బాయిలూ అమ్మాయిలూ ఒకే బడిలోకి ఎలా వచ్చారు?

క్యాథలిక్ హైస్కూళ్లు మొదట్లో విడివిడిగానే ఉండేవి. అమ్మాయిలకు సిస్టర్లు, అబ్బాయిలకు ఫాదర్లో బ్రదర్లో. ఇది అలవాటు మాత్రమే కాదు, చర్చి సిద్ధాంతం కూడా. 1929లో పోప్ పయస్ 11 విద్య మీద విడుదల చేసిన లేఖలో సహవిద్యను తప్పుడు పద్ధతి, క్రైస్తవ విద్యకు హానికరం అన్నారు. మరి ఈరోజు ఒంటారియోలోని క్యాథలిక్ హైస్కూళ్లలో అత్యధికం సహవిద్య బడులే ఎందుకయ్యాయి?

టొరంటో పశ్చిమాన ఎటోబికోలో ఉన్న మైకేల్ పవర్ - సెయింట్ జోసెఫ్ హైస్కూల్‌ను చూస్తే విషయం తేలికగా అర్థమవుతుంది. పేరులోనే మధ్యలో గీత ఉంది కదా, అది రెండు బడుల అతుకు. 1949లో సెయింట్ జోసెఫ్ సిస్టర్లు ఇస్లింగ్టన్‌లో అమ్మాయిల హైస్కూల్ పెట్టారు. 1957లో బసీలియన్ ఫాదర్లు అదే ప్రాంతంలో అబ్బాయిల హైస్కూల్ పెట్టి, జ్వరంతో పోయిన ఆ మొదటి బిషప్ పేరు పెట్టారు. షార్బొనెల్ వందేళ్ల కిందట రప్పించిన సంఘాలే ఇవి రెండూ. 1982లో రెండు బడులూ కలిసిపోయి ఒకే సహవిద్య హైస్కూల్ అయ్యాయి.

సంవత్సరం గమనించండి. ప్రభుత్వం పూర్తి నిధులు ఇస్తామని ప్రకటించింది 1984లో. అంటే సర్కారు డబ్బు వచ్చాకే, సర్కారు షరతు వల్లే అబ్బాయిలూ అమ్మాయిలూ కలిశారన్నది సరికాదు. 1960ల తర్వాత మఠాల్లో చేరేవాళ్లు తగ్గిపోయారు. సిస్టర్ చెప్పే పాఠానికి మామూలు టీచర్‌ను పెట్టాలంటే మామూలు జీతం ఇవ్వాలి. రెండు ల్యాబులు, రెండు జిమ్‌లు, రెండు లైబ్రరీలు ఫీజులతో నడపడం కష్టం. సహవిద్య గురించి వేదాంత చర్చ ముగిసి, ఒప్పుకుని చేసిన పని కాదు ఇది. చాలావరకు ఖర్చు చేయించిన పని అని నా అభిప్రాయం.

1985 తర్వాత కథ వేరు. శివారు పట్టణాల్లో క్యాథలిక్ బోర్డులు కొత్త హైస్కూళ్లు కడుతూ వచ్చాయి. పాత మఠం సంప్రదాయం లేని ఈ బడులు ఎక్కువగా మొదటి రోజు నుంచే సహవిద్య బడులు. అయితే నియమం ఏమీ లేదు. టొరంటోలో లొరెట్టో అబీ అమ్మాయిల బడిగా, బ్రెబఫ్ అబ్బాయిల బడిగా ప్రభుత్వ డబ్బుతోనే కొనసాగుతూ వచ్చాయి. ఇక 1852లో బసీలియన్లు మొదలుపెట్టిన సెయింట్ మైకేల్స్, పూర్తి నిధులు వచ్చినప్పుడు కూడా ప్రైవేటుగానే, అబ్బాయిల బడిగానే ఉండిపోయింది. అక్కడ ఈనాటికీ ఫీజు కట్టాల్సిందే.

డేవిస్ మనసు మార్చుకున్న రోజు

1971లో ముఖ్యమంత్రి స్థానంలో ఉన్న ప్రీమియర్ బిల్ డేవిస్, క్యాథలిక్ హైస్కూళ్లకు పూర్తి నిధులు ఇచ్చేది లేదని చెప్పి ఎన్నికలకు వెళ్లి గెలిచారు. అదే డేవిస్ 1984 జూన్ 12న అసెంబ్లీలో లేచి, ఇస్తామని ప్రకటించారు. సొంత పార్టీవాళ్లే ఉలిక్కిపడ్డారు. తర్వాతి ఏడాది మొదట్లో ఆయన పదవి వదిలేశారు, తలనొప్పి వారసుడు ఫ్రాంక్ మిల్లర్‌కు మిగిలింది. 1985 ఎన్నికల ప్రచారంలో టొరంటో ఆంగ్లికన్ ఆర్చిబిషప్ ఈ నిర్ణయం తీసుకున్న తీరును ఏకంగా హిట్లర్ ఉత్తర్వులతో పోల్చారు. అంత వేడెక్కింది. కన్జర్వేటివ్‌ల 42 ఏళ్ల పాలన ఆ ఏడాదితో ముగిసింది. ఓటమికి ఇదొక్కటే కారణమని చెప్పలేం గానీ, ఒక కారణమని అందరూ ఒప్పుకుంటారు.

కొత్తగా వచ్చిన లిబరల్ ప్రభుత్వం 'బిల్ 30' తెచ్చింది. ఏడాదికి ఒక గ్రేడ్ చొప్పున నిధులు పైకి పాకాయి. 1987 జూన్‌లో సుప్రీంకోర్టు చట్టం చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. పైగా టైనీ తీర్పే తప్పని, హైస్కూల్ చదువు చెప్పే హక్కు 1867 నాటికే ఉందని మెజారిటీ న్యాయమూర్తులు అన్నారు. అరవై ఏళ్లు ఫొటోలో లేదనుకున్న మనిషి ఫొటోలోనే ఉన్నాడని తేలింది.

మైకేల్ పవర్ - సెయింట్ జోసెఫ్ 1993లో ఎరింగేట్ డ్రైవ్‌కు మారింది. అది ఒకప్పటి విన్సెంట్ మాసీ అనే పబ్లిక్ హైస్కూల్ భవనం. పిల్లలు తగ్గి ఖాళీ అయిన పబ్లిక్ భవనాలు, చోటు చాలని క్యాథలిక్ బోర్డులు. ఆ రోజుల్లో చాలా ఊళ్లలో ఇదే తగాదా.

ఇప్పటి నియమాలు, మూడు ఇళ్లలో

మొదటి ఇల్లు. బ్రాంప్టన్‌లో ఒక హిందూ కుటుంబం. పాపకు నాలుగేళ్లు, కిండర్‌గార్టెన్‌లో చేర్చాలి. క్యాథలిక్ ఎలిమెంటరీ బడిలో చేరాలంటే సాధారణంగా బిడ్డకు బాప్తిస్మం అయి ఉండాలి, లేదా తల్లిదండ్రుల్లో ఒకరైనా క్యాథలిక్ అయి ఉండాలి. మినహాయింపులు ఇవ్వాలా వద్దా అన్నది బోర్డు ఇష్టం. ఇక్కడ 'బాప్తిస్మం సర్టిఫికెట్' జవాబు చాలావరకు నిజం.

అదే ఇంట్లో పెద్దవాడు తొమ్మిదో గ్రేడ్‌కు వస్తున్నాడు. వాడికి తలుపు తెరిచే ఉంటుంది. 1980లలో పూర్తి నిధులకు ప్రతిగా పెట్టిన షరతుల్లో ఇది ఒకటి: హైస్కూల్ స్థాయిలో క్యాథలిక్ కాని పిల్లలనూ చేర్చుకోవాలి. కింద బడికి 1867 నియమం, పై బడికి 1980ల నియమం. ఒకే ఇంట్లో అన్నకు సీటు, చెల్లికి లేదు అనే చిత్రం అందుకే.

అలా చేరిన పిల్లవాడికి రిలిజియన్ క్లాసు తప్పనిసరా? విద్యాచట్టం 42వ సెక్షన్ ప్రకారం, పబ్లిక్ బోర్డుకు వెళ్లే అర్హత ఉండి క్యాథలిక్ హైస్కూల్‌లో చదువుతున్న విద్యార్థికి తల్లిదండ్రులు రాతపూర్వకంగా అడిగితే మతపరమైన కార్యక్రమాల నుంచి మినహాయింపు ఇవ్వాలి. క్లాసుకే మినహాయింపా, ప్రార్థన సభలకూ రిట్రీట్‌లకూ కూడానా అన్న వివాదం డఫరిన్-పీల్ క్యాథలిక్ బోర్డు మీద కేసుగా వెళ్లింది. వాటికీ వర్తిస్తుందని 2014లో కోర్టు చెప్పింది. మన రాజ్యాంగం 28(3)లో ఎయిడెడ్ సంస్థల గురించి చెప్పింది కూడా ఇలాంటిదే: మైనరైతే సంరక్షకుల సమ్మతి లేకుండా మతబోధనకు కూర్చోబెట్టకూడదు. తేడా ఒకటే. మన దగ్గర ముందు సమ్మతి కావాలి, అక్కడ వద్దని ఉత్తరం రాయాలి. అయితే చాలా కుటుంబాలు ఆ ఉత్తరం రాయవు. పదకొండో గ్రేడ్ రిలిజియన్ కోర్సు ప్రపంచ మతాల గురించి కాబట్టి, మనవాళ్ల పిల్లలు హిందూ మతం మీద మొదటి వ్యాసం రాసేది అక్కడే కావచ్చు.

రెండో ఇల్లు. గుంటూరు నుంచి వచ్చిన క్యాథలిక్ కుటుంబం. వీళ్లకు పబ్లిక్, క్యాథలిక్ రెండూ చిన్నప్పటి నుంచే తెరిచి ఉంటాయి. ఇల్లు కొన్నప్పుడు సెపరేట్ స్కూల్ మద్దతుదారుగా నమోదు కావచ్చు. అప్పుడు క్యాథలిక్ ట్రస్టీల ఎన్నికలో ఓటు వస్తుంది.

మరి పన్ను మారుతుందా? మూడో ఇల్లు, లెక్క కోసం. ఇంటి మదింపు విలువ 5 లక్షల డాలర్లు అనుకుందాం. ఇళ్ల మీద విద్యా పన్ను ఇటీవలి ఏళ్లలో రాష్ట్రమంతా 0.153 శాతం. అంటే ఏడాదికి 765 డాలర్లు. కాగితం మీద పబ్లిక్ అని ఉన్నా సెపరేట్ అని ఉన్నా అదే 765. 1998కి ముందు బోర్డులే పన్ను రేట్లు వేసుకునేవి కాబట్టి ఈ నమోదుకు డబ్బుపరంగా చాలా విలువ ఉండేది. ఇప్పుడు బోర్డుకు వచ్చే డబ్బు పిల్లల సంఖ్యను బట్టి వస్తుంది. పన్ను మార్పించుకోమనే సలహా ఆ పాత రోజుల జ్ఞాపకం.

ఫీజు? లేదు. యూనిఫాం మాత్రం కొనుక్కోవాలి, ఆ బిల్లు చూసి ఒక్కసారి గుండె ఝల్లుమంటుంది.

ఉంచాలా, కలిపేయాలా?

ఒక్క మతానికే ఇవ్వడం వివక్ష అని యూదు, ఇతర క్రైస్తవ తల్లిదండ్రులు వేసిన కేసులో 1996లో సుప్రీంకోర్టు, రాజ్యాంగమే ఇచ్చిన ప్రత్యేక హక్కును సమానత్వ హక్కుతో కొట్టేయలేమంది. 1999లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ మాత్రం ఇది వివక్షేనని తేల్చింది. ఆ అభిప్రాయం వచ్చాక కూడా ఒంటారియో పద్ధతి మారలేదు. 2007లో కన్జర్వేటివ్ నాయకుడు జాన్ టోరీ, మిగతా మతాల బడులకూ నిధులు ఇద్దామని ప్రతిపాదించి ఎన్నికల్లో ఓడిపోయారు. డేవిస్ ప్రకటన నాటికి ఆయన దగ్గర ప్రిన్సిపల్ సెక్రటరీగా పనిచేసిన మనిషే ఈ టోరీ! అప్పటి నుంచి పెద్ద పార్టీలు ఈ విషయం జోలికి పోవడం లేదు.

రాజ్యాంగం అడ్డమనేది సగమే నిజం. రాష్ట్ర శాసనసభ, ఒట్టావాలోని పార్లమెంటు ఉభయసభలు ఒప్పుకుంటే 93వ సెక్షన్ మార్చుకోవచ్చు. క్యూబెక్ 1997లో అదే చేసి, మతం బదులు భాష ఆధారంగా బోర్డులు పెట్టుకుంది. న్యూఫౌండ్‌లాండ్ అదే ఏడాది రిఫరెండం పెట్టింది. 73 శాతం మంది ఔనన్నారు, చర్చి బడుల వ్యవస్థ పోయింది. అంటే దారి ఉంది, రాజకీయంగా ఆ దారిన నడిచే ఉద్దేశం కావాలి.

కలిపేయాలనేవాళ్లు ఒకే వీధిలో రెండు సగం నిండిన బడులు, రెండు బస్సు రూట్లు, రెండు పరిపాలనలు చూపిస్తారు. టీచర్ ఉద్యోగాల్లో క్యాథలిక్కులకు ఇచ్చే ప్రాధాన్యం పన్ను డబ్బుతో అన్యాయం అంటారు. ఉంచాలనేవాళ్లు, పిల్లలు రేపటికి మాయమైపోరు కాబట్టి తరగతి గదులూ టీచర్లూ అలాగే కావాలి, మిగిలేది చెప్పుకున్నంత ఉండదంటారు. మైనారిటీగా ఉన్నప్పుడు పోరాడి తెచ్చుకున్న హక్కును సంఖ్య పెరిగిందని వదులుకోమనడం ఏమిటంటారు. రెండు వాదాల్లోనూ బలం ఉంది. కానీ ఎంత మిగులుతుందన్న దాని మీద ఇద్దరూ చెప్పే అంకెలను కాస్త అనుమానంగానే చూడాలి.

ఈ వాదన మధ్యలో చిక్కుకున్నవాడు మన వాట్సాప్ గ్రూపులోని ఆ తొమ్మిదో గ్రేడ్ పిల్లవాడే. క్యాథలిక్ కాని పిల్లలు ఇంతమంది చదువుతుంటే ఇక ఇది సెపరేట్ ఎలా అవుతుందని ఒక పక్షం అడుగుతుంది. అందరికీ తలుపు తెరిచాం చూడండి అని రెండో పక్షం అదే పిల్లవాడిని చూపిస్తుంది. డబ్బు తలకింత అని వస్తుంది కాబట్టి బోర్డుకు వాడు కావాలి కూడా. కెనడాలోని మరో రాష్ట్రం సస్కాచెవాన్‌లో సరిగ్గా దీని మీదే కేసు నడిచింది. క్యాథలిక్ బడుల్లో క్యాథలిక్ కాని పిల్లలకు ప్రభుత్వం నిధులు ఇవ్వకూడదని 2017లో కింది కోర్టు తీర్పు ఇచ్చింది. 2020లో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. 2021లో సుప్రీంకోర్టు ఆ విషయం వినడానికి ఒప్పుకోలేదు.